సిలిండర్ మోసే భుజం, మీటరు చదివే కన్ను

(జనగామలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని, డాక్టర్ని కాదు. అయినా నన్ను ఎందుకు పిలిచిన్రంటే, మన పిల్లలు ఊపిరి చికిత్స కోర్సులో చేరినంక లెక్కల దగ్గర ఆగిపోతున్నరట. "సార్, మేం బైపీసీ వాళ్ళం. లెక్కల బాధ పోయిందనుకుంటే ఇక్కడ మళ్ళీ ఎదురైంది" అంటున్నరు. ఒకరిద్దరు మానేస్తమని కూడా అంటున్నరు. అందుకే వచ్చిన.

మానుకోటకు 2022లో, జనగామకు, భూపాలపల్లికి 2023లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చినయి. అంతకుముందు పాణం మీదికొస్తే వరంగల్ ఎంజీఎంకో, పట్నానికో ఉరకాల్సిందే. కాలేజీ వచ్చిందంటే డాక్టర్ ఒక్కడే సరిపోడు. వెంటిలేటర్ నడిపేవాళ్ళు, ఆక్సిజన్ చూసేవాళ్ళు కావాలె. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడిచే అలైడ్ హెల్త్ డిగ్రీల్లో ఈ ఊపిరి చికిత్స ఒకటి. 2021లో పార్లమెంటు ఇట్లాంటి వృత్తులకు ఒక చట్టమే చేసింది.

ఇగ ఆసుపత్రి వార్డుల్లోకి చూడండి. ఊడ్చేది మనోళ్ళే. పెంటబొంద ఎత్తేది మనోళ్ళే. ఆక్సిజన్ సిలిండర్ భుజాన వేసుకొని మెట్లెక్కేది మనోళ్ళే. దాని మీదున్న మీటరు చదివేది మాత్రం వేరేవాళ్ళు. భుజం మనది, కన్ను వాళ్ళది. ఈ పంపకం ఎవరు చేసిన్రో మీకు చెప్పనక్కర్లేదు. "మీకు లెక్కలు రావు" అన్న మాట కూడా ఆ పంపకంలో భాగమే. అది మన తెలివి గురించి తేల్చిన నిజం కాదు, మనల్ని మీటరు దగ్గరికి రానీయకుండా కట్టిన దడి.

ఆ మీటరు లెక్క ఎంత పెద్దదో చూద్దాం. అంబులెన్సులో, వార్డులో తరచూ కనబడే చిన్న సిలిండర్‌ను బి టైపు అంటరు. దాంట్లో 10 లీటర్ల నీళ్ళు పడతయి. నిండా ఉన్నప్పుడు మీటరు 150 చూపెడుతది. 10ని 150తో గుణిస్తే 1500 లీటర్ల ఆక్సిజన్. అంతే. మీటరు 50 చూపెడితే 500 లీటర్లు. ముల్లు సున్నాకు వచ్చేదాకా వాడొద్దు, ఒక 10 మిగలాలె, అంటే చేతికొచ్చేది 400 లీటర్లు. రోగికి నిమిషానికి 10 లీటర్లు పెట్టిన్రనుకోండి, 40 నిమిషాలొస్తది. భూపాలపల్లి నుంచి వరంగల్ 65, 70 కిలోమీటర్లు. గంట పైనే ప్రయాణం. ఆ సిలిండర్‌తో బండి ఎక్కిస్తే పరకాల దాటినంక ఏమైతదో మీరే ఆలోచించుకోండి.

ఇంట్ల డ్రమ్ముల నీళ్ళు ఇంతున్నయి, రోజుకు ఇన్ని బిందెలు వాడుతం, ఎన్ని రోజులొస్తయని మీ అమ్మ వేసే లెక్కే ఇది. ఏడో తరగతి పుస్తకంల నిష్పత్తి, అనుపాతం పాఠం. పాతకాలపోళ్ళు త్రైరాశికం అన్నరు. చిన్న లెక్కేగదా అని తీసేయొద్దు. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. ట్యాంకరు ఆలస్యమైంది. 11 మంది చనిపోయిన్రని సర్కారే చెప్పింది. ఎన్ని లీటర్లున్నయి, ఎన్ని నిమిషాలొస్తయి, బండి ఎప్పుడొస్తది? ఆ రాత్రి ఆ వార్డులో పాణాలన్నీ ఈ మూడు అంకెల మీదనే ఉన్నయి.

గాలి, ఆక్సిజన్ కలపడం కూడా మనకు కొత్త కాదు. గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళు. రోగికి 40 పాళ్ళది కావాలె. 100లో 40 తీసేస్తే 60. 40లో 21 తీసేస్తే 19. 60కి 19, అంటే సుమారుగా మూడు వంతుల గాలికి ఒక వంతు ఆక్సిజన్. పత్తి చేన్ల పంపుకింత మందు అని కొలిచి కలిపే చెయ్యి ఈ లెక్కకు వణకాల్సిన పనిలేదు.

వెంటిలేటర్ దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగికి ఒక్కో శ్వాసకు కిలోకు 6 మిల్లీలీటర్ల గాలి పట్టాలంటరు. కిలో అంటే కాంటా మీది కిలో కాదు, ఎత్తును బట్టి కట్టేది. ఆడమనిషికైతే 45.5కి, ఎత్తులో 152.4 సెంటీమీటర్లు దాటిన ఒక్కో సెంటీమీటరుకు 0.91 కలపాలె. 157 సెంటీమీటర్ల ఆమెకు దాదాపు 50 కిలోలు వస్తది, శ్వాసకు 300 మిల్లీలీటర్లు. కాంటా మీద 75 కిలోలున్నదని 450 పట్టిస్తే తిత్తి చెడుతది. ఒళ్ళు పెరిగితే తిత్తి పెరగదు గదా! 2000లో అమెరికాలో 861 మంది రోగుల మీద పరీక్ష చేసి చూసిన్రు. కిలోకు 12 పట్టించిన వాళ్ళలో నూటికి 40 మంది దాకా పోతే, 6 పట్టించిన వాళ్ళలో 31 మంది పోయిన్రు. ఒక గుణకారం తేడా అది.

ఇంకో మాట, ఇది కార్యకర్తలు వినాలె. లెక్కకు కులం లేదంటరు. లెక్కకు లేకపోవచ్చు, లెక్క కట్టేటోనికి ఉంటది. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే డాక్టరు, బానిసల ఊపిరితిత్తులు పుట్టుకతోనే తక్కువ పనిచేస్తయని, వాళ్ళతో చాకిరీ చేయించడమే వాళ్ళ ఆరోగ్యానికి మంచిదని రాసిండు. ఆ 'తక్కువ' ఊపిరి పరీక్ష యంత్రాల్లోకి జాతిని బట్టి తగ్గించే అంకెగా చేరి ఉండిపోయింది. అక్కడి ఊపిరితిత్తుల వైద్యుల సంఘం ఆ అంకె వద్దని చెప్పడానికి 2023 దాకా పట్టింది. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కూడా అంతే. రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా బాగుందని చూపే పొరపాటు తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళలో మూడింతలు ఉందని 2020లో అక్కడే తేలింది. నల్ల చర్మం మన ఊర్లల్ల ఎంతమందికి లేదు? భూపాలపల్లి బాయిల్లో బొగ్గు దుమ్ము మింగిన కార్మికుని తిత్తి ఎంత చెడిందో చెప్పేది కూడా ఇట్లాంటి అంకెనే. 'మామూలు మనిషికి ఇంత ఉండాలె' అని యంత్రం చెప్తే, ఆ మామూలు మనిషి ఎవరని అడిగేటోడు మనలో ఒకడు ఉండాలె గదా.

ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం. ముందు తెలుగులో లెక్క అర్థమైతే ఇంగ్లీషు పేరు వారంల నోటికొస్తది. ఆదివారం పొద్దున 9 గంటలకు అంబేద్కర్ భవనంల కూర్చుందాం. ఇంట్ల తమ్మునిదో చెల్లెదో ఏడో తరగతి లెక్కల పుస్తకం ఉంటే పట్టుకరండి. వచ్చేలోపు ఇది చేసి తీసుకరావాలె: బి టైపు సిలిండర్, మీటరు 110 చూపెడుతుంది, 10 మిగల్చాలె, రోగికి నిమిషానికి 8 లీటర్లు. మానుకోట నుంచి ఎంజీఎం దాకా వస్తదా, రాదా?