చైనుకు టేపు పెట్టి చూడండి

వానాకాలం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్లలో తిరిగిన మౌంటెన్ బైక్‌కు బురద అంటని చోటుండదు. అలాగని ప్రెషర్ పంపుతో కడిగించకండి. నీళ్లు బేరింగుల్లోకి దూరి గ్రీజు పోతుంది. బకెట్ నీళ్లు, పాత బ్రష్షు చాలు.

అసలు సంగతి చైను. తుడిచి, ఆరాక లింకుకో చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచేయండి. డిస్క్ మీద మాత్రం పడనివ్వకండి, బ్రేకు పట్టదు. చైను సాగిందో లేదో ఇంట్లో టేపే చెబుతుంది. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి లెక్కపెడితే 24వ పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు పెరిగిందా, చైను మార్చేయండి. బద్ధకించి 8వ వంతు దాకా లాగితే వెనక పళ్లచక్రాలూ అరుగుతాయి. వాటి ఖరీదు చైనును మించుతుంది మరి!

గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. మట్టిదారికి కాస్త తగ్గించుకోవచ్చు, అక్కడున్న కనిష్ఠానికి లోపు కాకుండా.