కొవ్వొత్తి ముక్కల నుండి కొత్త కొవ్వొత్తి

కొవ్వొత్తి యను మాటలోనే దాని పూర్వచరిత్ర కలదు. ఒకప్పుడు జంతువుల కొవ్వుతో వత్తులు పోసెడివారు. నేడు అంగడిలో దొరకునవి చాలవరకు పెట్రోలియము నుండి తీసిన పారఫిన్ మైనముతో చేసినవి. పదార్థము మారినను పేరు నిలిచినది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన పిమ్మట, నగరములో పెక్కు ఇండ్లకు కొన్ని దినములపాటు విద్యుత్తు లేకపోయినది. అట్టి రాత్రి వచ్చినపుడే మనము కొవ్వొత్తికై వెదకుదుము. దీపము తిరిగి వెలిగినంతనే, కారిన మైనమును గీకి పారవేయుదుము. ఆ ముక్కలను డబ్బాలో దాచినచో వానితోనే మరల కొవ్వొత్తులు చేసికొనవచ్చునని మేము మనవి చేయుచున్నాము. అయితే మైనపు స్వభావమును ముందుగా ఎరుగవలెను.

మైఖేల్ ఫారడే 1860-61 శీతకాలమున, లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, బాలబాలికలకు కొవ్వొత్తిని గురించియే ఆరు ఉపన్యాసములిచ్చెను. మండునది గడ్డ మైనము కాదు. కరగి, వత్తివెంట పైకి ప్రాకి, ఆవిరియైన మైనము. అప్పుడే ఆర్పిన వత్తి నుండి లేచు తెల్లని పొగకు అగ్గిపుల్ల చూపినచో, వత్తిని తాకకుండగనే అది మరల వెలుగును. కనుక మైనమును నూనెవలె ఇంధనముగా నెంచి జాగ్రత్తపడవలెను.

మైనపు గిన్నెను నేరుగా పొయ్యిమీద పెట్టరాదు. వెడల్పాటి పాత్రలో నీరు కాచి, అందులో గిన్నెను నిలుపవలెను. నీరు 100 డిగ్రీలకు మించి వేడెక్కదు. పారఫిన్ మైనము 70 డిగ్రీలలోపే కరగును. గిన్నెలో నీటిబొట్టు పడనీయరాదు. ఒకవేళ మైనము అంటుకొన్నచో పొయ్యి ఆర్పి, మూత పెట్టవలెను. నీరు చల్లినచో అది క్షణములో ఆవిరియై, మండుచున్న మైనమును నలుదెసల చిమ్మును. ఈ పని జరుగునపుడు పిల్లలను దూరముగా నుంచుట మేలు.

కరగిన మైనమును పాత గుడ్డతో వడకట్టి, నల్లని వత్తితునకలు తీసివేయవలెను. బొప్పాయి ఆకు కాడ బోలుగా నుండును గనుక అదియే చక్కని మూస. జానెడు ముక్క కోసి, లోపలి తడి ఆరనిచ్చి, మూడు నూలుపోగులు జడవలె అల్లి, మైనములో ముంచి, కాడలో దూర్చవలెను. నైలాను దారము పనికిరాదు. అడుగును పిండిముద్దతో మూసి, కాడను ఇసుక నింపిన డబ్బాలో నిలువుగా గ్రుచ్చి, పైన అడ్డుపుల్లకు వత్తిని బిగువుగా కట్టి, మైనము పోయవలెను. చల్లారునపుడు మైనము కుంచించుకొని నడుమ గుంట పడును. దానిని మరికొంత మైనముతో పూడ్చవలెను. పూర్తిగా గట్టిపడిన పిదప కాడను చీల్చి తీయవచ్చును.

మిగిలిన మైనమును తూములో పోయరాదు. అది గడ్డకట్టి నీటిదారిని మూసివేయును. దానిని మరల డబ్బాలోనే చేర్చవలెను. అక్టోబరు, నవంబరు మాసములు మన తీరమునకు తుపానుల కాలము. అంతకు మునుపే ఆ ముక్కలు వత్తులైనచో, చీకటిలో వెదకుకొను పని యుండదు.