ఉప్పు చేనికి విత్తనం యాడిది?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

నన్ను పొదుపు లెక్కలు చెప్పమన్నారు. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే ఉండాయి, చూసుకోండి. నేను వడ్ల గురించి చెప్తాను.

మాకు ఉప్పుటేరు పక్కన ఎకరా చేను ఉంది. మా అత్త అందులో ఒక పొడుగు రకం వడ్లు వేసేది. చవిటి వడ్లు అనేది వాటిని. ఎర్ర బియ్యం, దిగుబడి తక్కువ. ఏటా విత్తనం బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి, కుండలో పోసి, మూతికి పేడమన్ను మెత్తి దాచేది. నేను కాపురానికి వచ్చినాక, బస్తాలు బస్తాలు పండే రకాలుంటే ఇవెందుకత్తా అని నేనే గొణిగినాను. ఒక ఏడు ఆ కుండ వడ్లు కోళ్లకు వేసేసినాం. తప్పు నాదే.

తర్వాత చుట్టూ రొయ్యల గుంటలు వచ్చినాయి. చేను చవుడు తేలింది. పోయిన పంటకు సంఘంలో లోను తీసుకుని నాట్లు వేస్తే, నెల తిరక్కముందే ఆకు కొనలు తెల్లగా ఎండి పైరంతా పోయింది. మా అత్త ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. లోను వాయిదా మాత్రం కడతానే ఉండాను, పుస్తకాలు రాసే చెల్లెళ్లు గమనించాలి.

ఉప్పుకు తట్టుకునే రకం లేదా అని రైతుల మీటింగులో అడిగితే, కేరళలో పొక్కాలి వడ్ల సంగతి చెప్పినారు. ఎర్నాకుళం వైపు సముద్రపు నీళ్లు ఎక్కే చేలల్లో వానాకాలం ఆ వరి పండిస్తారు, కోత అయినాక అదే చేలో రొయ్యలు పెంచుతారు. శాస్త్రవేత్తలు ఆ పొక్కాలిలో ఉప్పును ఓర్చే గుణం యాడుందో పట్టుకుని, దానికి సాల్టాల్ అని పేరు పెట్టి, వేరే రకాల్లోకి సంకరం చేస్తా ఉండారు. ఆ గుణాన్ని వాళ్లు కొత్తగా పుట్టించలేదు. మనలాంటి ఆడవాళ్లూ రైతులూ దాచి పెట్టినందువల్ల దొరికింది.

మనం తినే సాంబ మసూరి చూడండి. బాపట్లలో 1986లో విడుదల చేసిన బీపీటీ 5204. రుచికి తిరుగు లేదు గానీ ఎండాకు తెగులు వస్తే నిలవదు. హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ వాళ్లు కలిసి దాన్ని ఆ తెగులుకు తట్టుకునేట్టు చేసి 2008లో ఇచ్చినారు. అందుకు వాడిన మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరిది. పనికిమాలిన గడ్డి అని ఎవరైనా పీకేసే మొక్క! మన నెల్లూరు పరిశోధనా స్థానం వాళ్ల 34449 కూడా సాంబ మసూరినీ ఐఆర్ 72నూ కలిపి తీసిందే. అది అగ్గితెగులుకు తట్టుకుంటుంది. ఎన్ని రకాలు మిగిలుంటే వాళ్లకు అంత సరుకు. మొలగొలుకులంటే ఒకప్పుడు నెల్లూరుకే పేరు, ఇప్పుడు మన పిల్లకాయల్లో ఎందరికి తెలుసు?

పాత రకాలే వేయమని నేను అనను. అప్పులున్నోళ్లం, దిగుబడి కావాల. ఒక మూల రెండు సెంట్లు చాలు, విత్తనం చావకుండా ఏటా వేసుకోవచ్చు. విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కు 2001 చట్టంలో రైతుకు ఉంది. మన పాత రకాన్ని మన పేరున రిజిస్టరు కూడా చేయించుకోవచ్చు. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ వాళ్ల కేంద్రం ఉంది, ఇట్టాంటి విత్తనాలు సేకరించి దాచేది వాళ్లే.

అందుకని నేను అడిగేది, వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఇంట్లో ఉన్న పాత విత్తనం పిడికెడు తేండి. వడ్లే కానక్కర్లేదు, జొన్నలు, అలసందలు ఏవైనా సరే. ఎవరిచ్చినారు, ఎట్టాంటి నేలలో పండేది చీటీ మీద రాసి మూట కట్టండి. రాయడం రాకపోతే మా సంఘం వాళ్లు రాస్తారు.

మా అత్త చెల్లెలు అల్లూరు వైపు ఉంది. ఆమె అటక మీద ఆ చవిటి వడ్లు ఇంకా ఉంటాయేమోనని ఆదివారం అత్తా నేనూ పోతా ఉండాం.