పెరటిలో పనిగది
(మన సంఘ భవనమున జరిగిన ఆదివారపు సభలో ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాస పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాటాడుమని కోరినప్పుడు, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి త్రాసు పట్టుకొన్నవాడను, కంప్యూటరు పనిని గురించి నేనేమి చెప్పగలనని వెనుదీసితిని. "పనిని గురించి కాదు, ఆ పనికై మీరు కట్టించిన గదిని గురించి చెప్పుడు" అని వారనిరి. గదిని గురించి చెప్పగలను. ఏలయనగా దానిని నేను రెండుమారులు కట్టించితిని. మొదటిమారు నా తెలివితో, రెండవమారు అడిగి తెలిసికొని.

ఇంటనుండి పని చేయుట మన జాతికి క్రొత్త కాదు. నేతగాని మగ్గపు గుంట ఇంటిలోనే యుండెడిది. కరణము అరుగుమీదనే లెక్కలు వ్రాసెడివాడు. మన కోలారు సీమలో పట్టుపురుగులు పెంచు రైతులు మొదట తాము నివసించు ఇంటిలోనే తట్టలు పేర్చుకొనిరి. పురుగులకు గాలి, శుభ్రత కావలెననియు, వంటపొగ, మనుష్యుల రాకపోకలు పనికిరావనియు అనుభవమున తెలిసికొని, తరువాత పెంపకమునకు వేరుగా గది కట్టుకొనసాగిరి. పట్టుపురుగునకు మనమిచ్చిన మర్యాద చదువుకొన్న మన బిడ్డలకు ఇచ్చితిమా యని నేడు నేనడుగుచున్నాను.

మన బంగారు గనుల ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చినది మొదలు, ఇచ్చట పని యనగా ఇల్లు విడిచి భూమిలోనికి దిగుటయే. చిత్తూరు మొదలైన జిల్లాలనుండి వచ్చిన మన పెద్దలు వెదురు తడికల ఇండ్లలో కాపురముండి, ఊరిగాము, చాంపియన్ రీఫు, మారికుప్పము గనులలో దిగిరి. చాంపియన్ రీఫు గని 3 కిలోమీటర్లకు మించిన లోతు పోయినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటినుండి పని యనగా తెల్లవారకముందే రైలెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరునకు పోయి, చీకటి పడిన పిదప ఇల్లు చేరుట యైనది. బిడ్డ నిద్రలో నుండగా పోవు తండ్రి, బిడ్డ నిద్రపోయిన తరువాత వచ్చును.

2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు ఆ రైలును నిలిచినది, కాని పని నిలువలేదు. భోజనపు బల్లలు, మంచములు, మెట్లు ఆఫీసులైనవి. తరువాత రైళ్లు నడచినను, కొన్ని కంపెనీలు వారమున కొన్ని దినములు ఇంటనుండియే పనిచేయుటకు అనుమతించినవి. మన ఊరికి ఇది సామాన్యమైన మేలు కాదు. జీతము బెంగుళూరుదైనను కాపురము ఇచ్చటనే యుండవచ్చును. అయితే, పని చేయుటకు చోటున్ననే కదా!

మా మరదలు బెంగుళూరులోని ఒక కంపెనీలో లెక్కల ఉద్యోగిని. వారమున మూడు దినములు ఇంటనుండి పని చేయవలెను. మా యింట వృద్ధురాలైన మా తల్లి, ముగ్గురు పిల్లలు, మిక్సీ, కుక్కరు, వచ్చిపోవు బంధువులు. ఆమె పైయధికారితో మాటాడుచుండగా మా తల్లి "అమ్మాయీ, పాలు పొంగుచున్నవేమో చూడు" అని కేక వేసెడిది. తల్లి తప్పు కాదు. కోడలు ఇంటనున్నదన్న, ఆమె దృష్టిలో ఖాళీగా నున్నదనియే యర్థము. కొన్ని మాసములకు కంపెనీనుండి మందలింపు వచ్చినది. ఉద్యోగము మానుటయా, బెంగుళూరులో వేరు కాపురము పెట్టుటయా అని తమ్ముడును మరదలును రాత్రులు గుసగుసలాడుట నాకు వినబడినది.

ఇంటి పెద్దను నేను. ఇనుప సామానుల వర్తకుడను. మా దుకాణమున రేకులున్నవి, ఆంగిళ్లున్నవి. పది దినములలో పెరటి మూలను 8 అడుగుల గది నిలబెట్టించి, పూలదండ కట్టి తాళము చేతికిచ్చితిని. ఊరిలో నలుగురికి చూపించితిని కూడ.

ఏప్రిల్ వచ్చినది. మధ్యాహ్నము రెండు గంటలకు ఆమె చెమటతో తడిసి వెలుపలికి వచ్చెడిది. వాన వచ్చిన రేకులమీది చప్పుడునకు ఎదుటివారి మాట వినబడదు. గాలి వీచిన సైనైడు దిబ్బలమీది దుమ్ము సందులగుండ లోనికి వచ్చును. ఒకనాడు ఆమె తాళము తెచ్చి నా ముందుంచి, "బావగారూ, మీరు నామీద దయతో గది కట్టించినారు. కాని ఏమి కావలెనని నన్నొక మాట అడుగలేదు" అనినది. ఇరువది యేండ్లుగా కొనువానిని అడిగి సరకు ఇచ్చువాడను, ఇంటి మనిషిని అడుగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు కాగితము తీసికొని ఆమె యెదుట కూర్చుంటిని. ఆమె చెప్పినదియు, మేస్త్రీ చెప్పినదియు, నేను నష్టపడి నేర్చినదియు కలిపి మీ ముందుంచుచున్నాను.

మొదట కాగితములు చూచుకొనుడు. స్థలము మీ పేర నున్నదా, నగరసభ అనుమతి కావలెనా, ప్రక్కవారి గోడకు ఎంత యెడము విడువవలెను అనునవి తెలిసికొనక పునాది త్రవ్వకుడు.

రెండవది పునాది. మన జిల్లాలో రాతికి కరవు లేదు. సైజు రాళ్లతో నేలకు అడుగున్నర యెత్తు లేపిన వాననీరు, పురుగు పుట్ర లోనికి రావు. చెదలమందు పునాదినాడే వేయించుడు. పెద్ద చెట్టు మొదట గది కట్టకుడు. నీడ కావలెను గాని వేళ్లు గోడను పగులగొట్టును.

మూడవది కప్పు. మనము సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల యెత్తున నున్నాము గావున రాత్రులు చల్లన, కాని వేసవి యెండ మాత్రము తక్కువ కాదు. కాంక్రీటు కప్పు వేసి పైన తెల్లని సున్నము పూసిన వేడి చాలవరకు తగ్గును. ఇదివరకే రేకులు వేసినవారు వానిని పారవేయ నక్కరలేదు. క్రింద జానెడు ఖాళీ విడిచి లోకప్పు వేయించి, రేకుపై తెల్లరంగు పూయించుడు. ఎండయు చప్పుడును రెండును తగ్గును.

నాలుగవది వెలుతురు. పెద్ద కిటికీ ఉత్తరమునకు పెట్టుడు. అటు ఎండ తక్కువగా పడును. బల్లను కిటికీ కెదురుగా గాని, కిటికీ వీపునకు వచ్చునట్లు గాని వేయరాదు. వెలుతురు ప్రక్కనుండి రావలెను. దిబ్బల దుమ్ము వచ్చు పేటలవారు కిటికీ రెక్కలకు రబ్బరు అంచు పెట్టించి, నేలను చీపురుతో ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడువవలెను.

అయిదవది విద్యుత్తు. 1902లో శివనసముద్రమునుండి సుమారు 92 మైళ్లు తీగ లాగి మన గనులకు విద్యుత్తు తెచ్చిరి. అంత దూరము తెచ్చిన ఊరిలో, ఇంటినుండి పెరటికి నలుబది అడుగులు తెచ్చుటకు మనము బట్టలారవేయు తీగవలె వైరు వ్రేలాడదీయుదుము! అది ప్రాణాపాయము. వైరును పైపులో పెట్టి భూమిలో రెండడుగుల లోతున పోనిచ్చి, గదికి వేరుగా ఎం.సి.బి., ఎర్తింగు పెట్టించుడు. ఇంటర్నెట్టు తీగకు వేరే పైపు వేయుడు. ల్యాప్‌టాపు, ఫ్యాను, దీపము, రౌటరు అన్నియు కలిసి సుమారు 150 వాట్లు. 150 ఆంపియర్ అవర్ల మంచి బ్యాటరీతో ఇన్వర్టరున్న కరెంటు పోయినను ఆరు గంటల పని సాగును.

కడపటిది గోడలకు సంబంధించినది కాదు. తలుపు మూసియున్న పిలువరాదన్న నియమము ఇంటివారందరును ఒప్పుకొనవలెను. మా తల్లి మొదట నొచ్చుకొన్నది. "నా యింటిలో నా కోడలి తలుపు నేను తట్టరాదా?" అనినది. అందుచేత గది ముందు నాలుగడుగుల పంచ దింపి, ఒక బల్ల వేయించితిమి. పదునొకండు గంటలకు, నాలుగు గంటలకు మరదలు వెలుపలికి వచ్చి అత్తగారితో కాఫీ త్రాగును. ఇప్పుడు మా తల్లి గడియారము చూచుచు పిల్లలను "హుష్, ఆఫీసు!" అని తానే అదలించుచున్నది. బెంగుళూరు కాపురపు మాట మరల వినబడలేదు.

ఇంగ్లండులో బెర్నార్డు షా అను ప్రసిద్ధ నాటకకర్త తోటలో చిన్న గుడిసె కట్టుకొని వ్రాసెడివాడు. ఎండ ననుసరించి త్రిప్పుటకు వీలుగా దానిని ఇరుసుపై నిలిపిరి. ఆ గుడిసెకు ఆయన "లండన్" అని పేరు పెట్టుకొనెనట. ఎవరైన వచ్చిన, ఆయన లండనులో నున్నాడని ఇంటివారు చెప్పవచ్చును, అబద్ధమును కాదు! మనవారును తమ గదికి "బెంగుళూరు" అని పేరు పెట్టుకొనవచ్చును.

నవ్వితిరి, సంతోషము. ఇక నవ్వు రాని మాట ఒకటి చెప్పి ముగింతును. మాకు పెరడున్నది, దుకాణమున్నది. గని లైనులలో రెండు చిన్న గదులలో ఆరుగురు కాపురముండు కుటుంబములకు పెరడేది? వారి బిడ్డలును పట్టము పుచ్చుకొన్నారు, వారికిని ఇంటనుండి పని చేయు అవకాశము వచ్చును. చోటు లేక దానిని విడిచి మరల తెల్లవారుజాము రైలెక్కవలసినదేనా?

ఈ భవనపు మేడమీది గది ఆదివారము తప్ప తక్కిన దినములందు తాళము వేసియుండును. అందు ఆరు బల్లలు వేయవచ్చును. ఇన్వర్టరును, వైరింగు సామానును నా దుకాణమునుండి నేనిత్తును. కుర్చీలు, ఇంటర్నెట్టు ఖర్చు తక్కిన సభ్యులు చూచుకొనవలెను. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చి కూర్చుండుటకు ఒక పెద్ద మనిషి పగలంతయు క్రింద నుండవలెను. అయితే బల్లలు కొనకముందు, ఆ పిల్లలనే పిలిచి ఏమి కావలెనో అడుగుదము. ఆ పాఠము నేను ఒకమారు డబ్బు పోసి నేర్చుకొంటిని. సంఘము మరల దానికి డబ్బు పోయనక్కరలేదు.

వచ్చే ఆదివారము కార్యవర్గము ఈ విషయమును చర్చించును. మీ యిండ్లలో ఇట్టి పని చేయు పిల్లలున్న, దయచేసి వారిని వెంటబెట్టుకొని రండు.

సెలవు.