మల్లునికి బలం వచ్చే వేళ

వీరఘట్టంలో జన్మించి, కలియుగ భీముడని ప్రసిద్ధి పొందిన కోడి రామమూర్తి నాయుడుగారి కథలు మీ పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి త్రెంచేవారని చెప్పుకొంటారు. ఆ గొలుసు తెగిన ముచ్చట అందరికీ తెలుసు. ప్రదర్శన ముగిసిన పిమ్మట ఆయన ఏమి భుజించేవారో, ఎంతసేపు నిద్రించేవారో ఎవరూ అడగరు. వీరుల విషయంలో మన కుతూహలం సగం దారిలోనే ఆగిపోతుంది. కుస్తీ, జూడో, ముష్టియుద్ధం అభ్యసించే నేటి యువకులలోనూ ఇదే లోపం కనబడుతున్నది. ఎన్ని దండీలు తీశావు, ఎన్ని బస్కీలు తీశావు, ఎంత బరువు ఎత్తావు అని ఒకరినొకరు ప్రశ్నించుకొంటారు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు అని అడిగినవాణ్ణి నేను చూడలేదు.

బరువు ఎత్తుతున్న క్షణంలో బలం రాదు. ఆ క్షణంలో మనిషి బలహీనుడవుతాడు. కండరం అలసిపోతుంది, దానిలోని ఇంధనం ఖర్చవుతుంది, పోగులు కొంత దెబ్బ తింటాయి. తరువాతి ఒకటి రెండు దినాలలో, తిన్న అన్నం నుండి, పడుకొన్న నిద్ర నుండి, శరీరం ఆ నష్టాన్ని పూరించి మరికొంత చేరుస్తుంది. ఆ చేర్చిన దానికే బలమని పేరు. పూరించే వ్యవధి ఇవ్వకుండా మర్నాడు మళ్ళీ అదే కండరాన్ని హింసించినవాడు రాబడి లేకుండా ఖర్చు పెట్టే గృహస్థు వంటివాడు. కొంతకాలం ఇల్లు గడుస్తుంది, అంతే.

మల్లునికి బరువులెత్తడం సహాయకారి మాత్రమే. వాని అసలు విద్య గోదాలో ఉన్నది. కనుక వారానికి రెండు మూడు దినాలు చాలు. భుజాన బరువు మోసి గొంతుకూర్చొని లేవడం, నేల నుండి బరువెత్తడం, కడ్డీ పట్టుకొని శరీరాన్ని పైకి లాగుకోవడం వంటి పెద్ద వ్యాయామాలు కొన్ని ఎంచుకొని, ఒక్కొక్క విడతలో ఐదారుసార్లకు మించకుండా, విడతకూ విడతకూ నడుమ రెండు మూడు నిమిషాలు విశ్రమించి చేయాలి. గట్టి కుస్తీ ఉన్న దినానికి ముందునాడు కాళ్ళను అలయింపరాదు. పోటీ దగ్గరపడిన కొద్దీ ఎత్తే బరువు అట్లాగే ఉంచి, ఎత్తే పర్యాయాలు తగ్గించాలి. క్రొత్తగా చేరినవానికి మొదటి వారాలలో బలం త్వరత్వరగా పెరుగుతుంది. అది చాలావరకు కండ పెరిగినందువల్ల కాక, నాడులు పని నేర్చుకొన్నందువల్ల వచ్చినది. ఆ వేగం తరువాత మందగిస్తే నిరాశ పడి వ్యాయామం రెట్టింపు చేసే కుర్రవాళ్ళే ఎక్కువగా చెడిపోతారు.

ఇక ఆహారం. అరవై కిలోల మల్లునికి రోజుకు సుమారు 100 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కోడిగ్రుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల వరకు ఉంటాయి. పప్పు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగలు నాలుగు పూటలకు పంచి పెడితే, ఖరీదైన పొడుల డబ్బాలు కొనవలసిన పని అరుదు. అన్నాన్ని చూసి భయపడడం ఇటీవల బయలుదేరిన వింత. కూర్చొని ఉద్యోగం చేసే నా వంటివానికి ఆ భయం తగును, మల్లునికి తగదు. గోదాలో ఉధృతంగా పోరాడే ఆ కొద్ది నిమిషాలలో ముఖ్యంగా ఖర్చయ్యే ఇంధనం పిండిపదార్థాల నుండి కండరాలలో నిలువ చేరినదే. ఆ నిలువ ఒక్కొక్క గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు కూడా కట్టుబడి ఉంటుంది. అన్నం మానినవాడు రెండు దినాలలో రెండు కిలోలు తగ్గానని సంబరపడతాడు. పోయినది క్రొవ్వు కాదు, అధికభాగం నీరూ, ఇంధనమూ.

ఇక్కడనే త్రాసు మాట వస్తుంది. 2024 ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్ క్రీడలలో వినేశ్ ఫోగట్ 50 కిలోల తరగతిలో ఒక్క దినాననే మూడు కుస్తీలు గెలిచి అంతిమ పోటీకి చేరారు. రాత్రంతా శ్రమించినా మర్నాటి ఉదయం త్రాసు 100 గ్రాములు అధికంగా చూపింది. ఆమెను పోటీ నుండి తొలగించారు. అవే క్రీడలలో అమన్ సెహ్రావత్ సుమారు పది గంటలలో 4.6 కిలోలు తగ్గించుకొని కంచు పతకం సాధించారు. మన కుర్రవాళ్ళు ఈ రెండవ కథనే ఆదర్శంగా పట్టుకొంటారేమోనని నా భయం. వీరిద్దరి చెంతనూ వైద్యులూ నిపుణులూ ఉన్నారు. అమెరికాలో 1997 చివర, నెల రోజుల పైచిలుకులో, ముగ్గురు కళాశాల విద్యార్థులు కుస్తీ కోసం చెమటోడ్చి బరువు తగ్గించే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. నీరు తగ్గిన దేహంలో గుండె వేగం హెచ్చుతుంది, వేడి వెలికిపోయే దారి మూసుకొంటుంది. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. ఆ తరగతి పారిస్‌లో లేనందున 50 కిలోలకు దిగవలసి వచ్చింది. బియ్యం కొలిచే గృహిణికి రెండు కిలోలు లెక్కలోనికి రావు; క్రొవ్వు మిగలని దేహానికి అవి పెద్ద పన్ను.

నేను విశ్వవిద్యాలయంలో చదివే కాలంలో రెండేండ్లు గోదాలో దిగినవాణ్ణే. గెలిచిన కుస్తీలు చెప్పదగినన్ని లేవు. నా గదిలో ఉండే మిత్రుడు మాత్రం నిజమైన మల్లుడు. ఒక పోటీకి మూడు కిలోలు తగ్గాలని, ఒక దినమంతా మంచినీరు ముట్టక, మిట్టమధ్యాహ్నం ఉన్ని చొక్కాపై వానకోటు తొడిగి పరుగెత్తాడు. త్రాసు ఒప్పుకొన్నది. కుస్తీ మొదలైన రెండు నిమిషాలకు పిక్కలు బిగుసుకుపోయి పడిపోయాడు. మేము మోసుకొని రాగా, వస్తాదు, సాధన చాలలేదని కోప్పడ్డాడు. ఆ మాట విని ఊరకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఎదిగే బిడ్డలు బరువు తగ్గించుకొని పోటీ చేయడమే కూడదు. సహజంగా తూగే తరగతిలో దిగడం మేలు. పెద్దవారైనా వారానికి అరకిలో చొప్పున, ముందునుంచీ, తగ్గించుకోవాలి. ఇంట్లో మల్లవిద్య నేర్చే బిడ్డ ఉంటే కొన్ని గుర్తులు గమనించండి. తెల్లవారి లేచినప్పుడు నాడి మునుపటికంటె వేగంగా కొట్టుకోవడం, ఆకలి మందగించడం, అలసినా నిద్ర పట్టకపోవడం, తరచు జలుబు, కారణం లేని చిరాకు. ఆడపిల్లకు నెలసరి ఆగిపోతే, అది సాధనకు గుర్తు అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. చాలని తిండితో అధిక శ్రమ చేసినందువల్ల అట్లా జరుగుతుంది, ఎముకలు కూడా బలహీనపడతాయి. వెంటనే వైద్యునికి చూపాలి. తలకు దెబ్బ తగిలి తల తిరిగినవాణ్ణి ఆనాడు మళ్ళీ గోదాలోకి పంపరాదు.

నా మిత్రుడు ఇప్పుడు పిల్లలకు కుస్తీ నేర్పుతున్నాడు. అతని తాలింఖానా గోడకు ఒక పలక వ్రేలాడుతుంది. వచ్చిన ప్రతివాడూ క్రితం రాత్రి నిద్రించిన గంటలు దానిపై వ్రాయాలి. ఏడింటికి తక్కువైతే ఆనాడు బరువులు ముట్టనీయడు. పిల్లలు ఒకటి రెండు గంటలు కలిపి వ్రాస్తున్నారని అతనికి అనుమానం వచ్చింది; అందుచేత ఇటీవల ఆ లెక్క తల్లుల చేత చీటీ వ్రాయించి తెప్పించుకొంటున్నాడు.