ఇంటి దగ్గరి బడి: ఇండోనేషియా అనుభవం

ఇండోనేషియాలో ఒకప్పుడు పేరున్న ప్రభుత్వ బడిలో సీటు మార్కులను బట్టే దొరికేది. ఆ బడి పక్క వీధిలోనే ఉన్న పేదపిల్ల దూరాన ఉన్న మరో బడికి పోవలసి వచ్చేది. దీన్ని సరిదిద్దాలని 2017లో విద్యామంత్రి ముహాజిర్ ఎఫెండి 'జోనాసి' పద్ధతి తెచ్చారు. ఇల్లు ఎంత దగ్గరైతే సీటుకు అంత ముందు. 2019లో 90 శాతం సీట్లు ఇలాగే నింపాలన్నారు. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టడంతో ఆ ఏడాదే 80కి, మరుసటి ఏడాది కనీసం 50కి దించారు.

చిక్కంతా అమలులోనే. చిరునామాకు రుజువు కుటుంబ కార్డు. పేరున్న బడి దగ్గరి బంధువుల కార్డులో పిల్లల పేర్లు ఎక్కించడం మొదలైంది. కార్డు కనీసం ఏడాది పాతదై ఉండాలన్నా, ముందుచూపున్నవారిని అది ఆపలేదు. పైగా కొన్ని పేటల్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలే లేదు. అక్కడి పిల్లలు ఎటు కొలిచినా దూరమే! నా దృష్టిలో అసలు లోపం ఇదే. హద్దులు గీసేముందు బడులు కట్టాలి, మంచి ఉపాధ్యాయులను అన్నిచోట్లా సర్దాలి.

2025లో పద్ధతి పేరు మారింది. పై తరగతుల బడుల్లో నివాసాన్ని బట్టి ఇచ్చే సీట్లు ఇప్పుడు కనీసం 30 శాతం. పేద, దివ్యాంగ పిల్లలకు కనీసం మరో 30 శాతం.