బొమ్మల పుస్తకములో మన్ను త్రవ్వు యంత్రము



మన తిరుపతి, చిత్తూరు సీమలలో నాలుగేండ్ల బిడ్డను పిలిచి ఏమి బొమ్మ కావలెనని యడిగి చూడుడు. ఏనుగనడు, గుఱ్ఱమనడు; "జేసీబీ" యనును. చెఱువు పూడిక తీయుచోట, బాట వేయుచోట ఆ పసుపుపచ్చని యంత్రము వచ్చి నిలిచెనా, ఊరి పిల్లలందఱు అచ్చటనే. తిరుపతిలో శ్రీనివాస సేతువు 2023లో పూర్తియగువఱకు ఆ వీధుల పిల్లలకు క్రేనులును, కాంక్రీటు కలుపు బండ్లును నిత్యదర్శనములు. హంద్రీ-నీవా కాలువ త్రవ్వినప్పుడు పుంగనూరు, కుప్పము దిక్కుల పల్లెపిల్లలకు నట్లే. సత్యవేడు చేరువ శ్రీసిటీలో కొబెల్కో యను జపాను సంస్థ మన్ను త్రవ్వు యంత్రములనే తయారుచేయుచున్నది. కావున ఇది పరదేశపు వింత కాదు. మన వాకిటి ముందు నడచు వస్తువు. ఈ యంత్రముల బొమ్మలు గల పిల్లల పుస్తకములను గూర్చియు, వానిని పట్టుకొని బిడ్డలాడు ఆటను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

మా యూరి రచ్చబండ కడ ఒక పెద్దాయన నన్నడిగెను: "ఏం అయ్యవారూ, మనవడికి గజేంద్రమోక్షం చెప్పాల్సిన మీరు జేసీబీ పుస్తకం చదివి వినిపిస్తా ఉండారంటనే! వాణ్ణి డ్రైవర్ని చేస్తారా ఏంది?" గజేంద్రమోక్షమును చెప్పుచునే యున్నాను. డ్రైవరు మాటకు ఉత్తరము పిమ్మట చెప్పెదను.

ముందు బొమ్మ సంగతి. అలంకారశాస్త్రములో శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగ న్యాయమొకటి కలదు. మమ్మటుడు కావ్యప్రకాశములో దాని నెత్తి చూపినాడు. పటముమీద వ్రాసిన గుఱ్ఱమును చూచి మనము గుఱ్ఱమనియే యందుము. అది నిజమైన గుఱ్ఱమను జ్ఞానము కాదు. కానిదానిని గుఱ్ఱమనుకొను భ్రమయు కాదు. ఔనో కాదో యను సంశయము కాదు. గుఱ్ఱము వంటిదను పోలికయు కాదు. ఈ నాలుగింటికిని వేఱైన యొక తెలివి. నటుని చూచి రాముడనుకొని మనము రసము ననుభవించుట యీ తెలివి చేతనే యని శంకుకుని మతము. తరువాతివారు ఖండించిరి, ఆ వాదము మనకిప్పుడు వలదు. పసివాడు పుస్తకములోని పసుపు బొమ్మపై వ్రేలుంచి "బుర్ర్" మని నోటితో మ్రోయునప్పుడు వానిలో పనిచేయునది యీ తెలివియే. అది కాగితమని వానికి తెలియును. తెలిసియే దానిచేత మన్ను త్రవ్వించును.

పుస్తకము మూసి పెరటిలోనికి పోయినపిదప వాడు చేయునది మఱింత చిత్రము. అగ్గిపెట్టె దొరకినచో, ఇది టిప్పరు వలె నున్నదని యుపమ చెప్పడు. ఇది టిప్పరు అనును. అభేదారోపము, అనగా రూపకము! పై తరగతుల పిల్లలు లక్షణము వల్లించియు గుర్తింపలేని యలంకారము వీనికి అడుగకయే పట్టుపడినది. రష్యాదేశపు మనస్తత్త్వవేత్త వైగాట్‌స్కీ 1933లో ఆటను గూర్చి ఇచ్చిన ఉపన్యాసమున, కఱ్ఱను గుఱ్ఱముగా నెక్కు బాలుని ఉదాహరించి, వస్తువునుండి అర్థమును విడదీయుటకు బిడ్డ ఆటలోనే అలవాటుపడునని చెప్పెను. అక్షరాభ్యాసమునకు కావలసినదియు నదియే కదా! పలకమీది 'అ' గీత కాదు, ధ్వని యని యొప్పుకొన్న బిడ్డకే చదువు వచ్చును.

ఆటబండి మనకు క్రొత్తది కాదు. హరప్పా, మొహెంజొదారో త్రవ్వకములలో మట్టిబండ్లు దొరకినవి. కర్నూలు జిల్లా పడమటి పల్లెలలో జ్యేష్ఠమాసపు అమావాస్యనాడు మట్టియెద్దులను చేసి పూజింతురు. ముంజెలు తిన్నపిదప రెండు తాటికాయలకు నడుమ పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱతో తోసుకొని పోవు బండిని మీలో తోలనివా రెవరు? శూద్రకుని మృచ్ఛకటికమునకు పేరే మట్టిబండి. అందు చారుదత్తుని కొడుకు రోహసేనుడు ప్రక్కింటివాని బంగారుబండితో ఆడి, అది పోగానే యేడ్చును. దాసి రదనిక మట్టిబండి యిచ్చినను వలదనును. వసంతసేన జాలిపడి తన నగలు తీసి ఆ మట్టిబండి నింపును. ఆ నగలే తరువాత చారుదత్తుని మెడకు వచ్చినవి. ఈ ఘట్టమును పాఠము చెప్పినప్పుడెల్ల నాకొకటి తోచెడిది: ఆ మట్టిబండికి ఎద్దులు కట్టి, సరకులెక్కించి, సంతకు తోలించు ముసలివాడొక్కడు ఆ యింట నున్నచో నగలవఱకు పోవలసిన పని లేదు.

నేటి బంగారుబండి చేతిఫోను. బిడ్డ యేడ్చినచో తల్లి దానిని చేతికిచ్చును. తల్లిని నే ననను, ఆమెకు పొయ్యిమీద ఎసరు మరుగుచుండును. ఆ ఫోనులోను జేసీబీయే యున్నది. కాని యచ్చట యంత్రము తానే కదలును, తానే మ్రోగును, తన పని ముగియగానే మఱియొకదానిని తానే తెచ్చును. బిడ్డకు చేయుటకు మిగిలినది లేదు. పుస్తకములోని యంత్రమో, చేయి పైకెత్తి ఊరక నిలిచియుండును. దింపవలసినవాడు బిడ్డ. మ్రోయవలసినవాడును వాడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, ఏడాది నిండని శిశువునకు తెఱ అసలే కూడదనియు, రెండు మొదలు నాలుగేండ్ల ప్రాయమువారికి దినమునకు గంట మించరాదనియు సూచించినది. నాకా గంటయు నెక్కువగానే తోచుచున్నది.

నేను చూచినది చెప్పెదను. మా మనుమడు కొబ్బరిచిప్పకు పుల్ల కట్టి పెరటిలో మన్ను తోడుచుండెను. తోడుటకు ముందు ప్రతిసారి ఇరుప్రక్కల రెండిటుకముక్కలు పెట్టును. ఇవి యేమిరా యంటిని. "కాళ్లు తాతా. కాళ్లు దించకుంటే పడిపోతాది" అనెను. నిజమే. ఆ యంత్రమునకు ముందువైపు వెడల్పైన తొట్టియు, వెనుకవైపు త్రవ్వు చేయియు నుండును. వెనుకచేయి దూరముగా చాచి బరువెత్తునప్పుడు బండి యొరగకుండుటకై రెండు ఇనుపకాళ్లు నేలకు దించి యదిమి పెట్టుదురు. వాడది కాలువగట్టున చూచి మనసున నుంచుకొన్నాడు. మఱునాడు పుస్తకము తెఱచి, చిత్రకారుడు త్రవ్వుచున్న యంత్రమునకు కాళ్లు వేయుట మఱచెనని కనిపెట్టి, పెన్సిలు తెచ్చి తానే గీచినాడు. గ్రంథమునందలి తప్పును దిద్దిన యా చేతికింకను ఓనమాలు రావు!

ఆ చేయి యేల లేచునని యడిగిన బిడ్డకు ఉత్తరము చెప్పుట కష్టము కాదు. సూదులు తీసివేసిన రెండు సిరంజీలను సన్నని గొట్టముతో కలిపి నీరు నింపుడు. ఒకదాని నొత్తినచో రెండవది వెలికి వచ్చును. యంత్రములో నీటికి బదులు నూనె, మన బొటనవ్రేలికి బదులు పంపు. అంతియే. పేరు సంగతియు పిల్లలడుగుదురు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను నాంగ్లేయుడు 1945లో స్థాపించిన సంస్థకు ఆయన పేరులోని మూడక్షరములే పేరు. 1979 మొదలు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఆ యంత్రములు తయారగుచున్నవి. వనస్పతి యంతయు డాల్డా యైనట్లు ఒక సంస్థ పేరు జాతివాచకమైనది. పెద్దయంత్రమును మనవారు ప్రొక్లెయిన్ అనుటయు నిట్లే; పొక్లెయిన్ ఫ్రాన్సుదేశపు సంస్థ.

పిల్లలకు బొమ్మల పుస్తకము కావలెనని తలచినవారిలో మొదటివాడుగా కొమేనియస్‌ను చెప్పుదురు. 1658లో న్యూరెంబర్గు నగరమున వెలువడిన ఆయన పుస్తకములో చెట్లు, పశువులతోపాటు వడ్రంగి, తాపీపనివాడు, బరువులెత్తు సాధనములును చిత్రింపబడి, బొమ్మలోని ప్రతి యంగమునకు అంకె వేయబడినది. తెలుగున 1945లో 'బాల', 1947లో 'చందమామ' వచ్చినవి, రెండును నిలిచిపోయినవి. 1957లో పుట్టిన నేషనల్ బుక్ ట్రస్టును, పిమ్మట మదరాసు నుండి తూలికవారును, ప్రథమ్ బుక్స్‌వారును తెలుగున బొమ్మల పుస్తకములు తెచ్చిరి. సంతోషమే. కాని యంత్రముల పుస్తకములని బజారులో దొరకువానిలో పెక్కింట నాకొక లోపము కనబడుచున్నది. యంత్రమునకు కండ్లు, నోరు పెట్టి నవ్వింతురు. లోపల కూర్చున్న మనిషిని మాత్రము వేయరు.

అమెరికాలో వర్జీనియా లీ బర్టన్ అను నామె 1939లో వ్రాసి బొమ్మలు వేసిన కథలో ఈ లోపము లేదు. మైక్ మలిగన్ అనువాడును, మేరీ ఆన్ అను నావిరియంత్రమును జంట. క్రొత్త డీజిలు యంత్రములు రాగా తక్కినవారు తమ యావిరియంత్రముల నమ్ముకొనిరి, ఇతడు విడువలేదు. చిన్న యూరిలో పురమందిరమునకు నేలమాళిగను ఒక్కదినములో త్రవ్వెదనని పూని, త్రవ్వి, పైకి వచ్చుటకు దారి వదలుట మఱచెను. అప్పుడొక పిల్లవాడు ఉపాయము చెప్పును: మేరీ ఆన్ అచ్చటనే యుండి భవనమునకు వెచ్చదనమిచ్చు కొలిమి కావలెను, మైక్ దానిని కనిపెట్టుకొని యుండవలెను.

ఇక డ్రైవరు మాట. నేను బడి చెప్పు కాలమున ఒడ్డెవారి పిల్లవా డొకడుండెను. లెక్కలలో వెనుకబడినవాడు. ఒకనాడు పలకమీద చెఱువు గీచినాడు: కట్ట, తూము, మొరవ, కట్టకు రాతికట్టడము, గడ్డపాఱ పట్టిన తండ్రి. తూము ఎత్తుకంటె మొరవ యెంత పైనుండవలెనో చూపినాడు. ఆ పల్లెలో ఆ సంగతి నాతో కూడ పలువురికి తెలియదు. వానికి చూపుటకు మాబడిలో అట్టి పని బొమ్మగా నున్న పుస్తక మొక్కటియు లేకుండెను. ఐదవ తరగతితో బడి మానెను. మన సీమలోని చెఱువులను త్రవ్వినవారి బిడ్డకు, తన యింటివారి పని పుస్తకములో నుండదగినదని చెప్పినవారు లేరు. మనుమడు డ్రైవరైనచో మాకు తలవంపు లేదని ఆ పెద్దాయనకు చెప్పితిని. ఆయన తలయూపలేదు, అయినను మఱునాడు వచ్చి, పుస్తకము వెల యెంత యని యడిగెను.

మనకును మేరీ ఆన్ కలదు. కపిల తోలినవారు మీలో నున్నారు. తోలుబాన, మోకు, గిలక, ఎద్దులు వెనుకకు నడచునప్పటి పాట, ఇవి యాయిలింజనుకు ముందటివి. ఆయిలింజను కరెంటు మోటారుకు ముందటిది. మా మనుమరాలికి, ఏడేండ్లది, నేను కపిల సంగతి చెప్పగా, మేరీ ఆన్ ప్రక్కన దానిని గీచి, ఎద్దులకంటె పెద్దదిగా తోలువానిని వేసినది. ఆడపిల్లకు యంత్రముల పుస్తక మేల యనువారికి ఆ బొమ్మ చూపుదును.

ఒక హెచ్చరిక. యంత్రము పనిచేయుచుండగా బిడ్డ చేయి విడువరాదు. అది వెనుకకు తిరుగునప్పుడు తోలువానికి క్రింది పసివాడు కనబడడు. ఇసుక తీసిన గుంతలలో వాననీరు నిలిచినచో లోతు తెలియదు. చూపించునది దూరము నుండి, ఆడించునది పెరటిలో.

చదువునప్పుడు తొందర వలదు. ఒక పుటలో బిడ్డ యెంతసేపున్న అంతసేపుండుడు. అడిగినదే మఱల నడుగును; చెప్పుడు. ఆట మొదలిడినపిదప మీరు మాటలాడకుడు, కొబ్బరిచిప్ప యందించిన చాలును. పుస్తకము చిరుగును, తప్పదు. కోపపడక, రెండన్నపు మెతుకులు మెదిపి కాగితపు పట్టీతో అతికించి, ఎండలో నుంచుడు.